గంప కింద బూరి

మా తాండలో కోడి లేని ఇల్లు లేదు. ఆవు లేని ఇల్లు ఉంది, మేక లేని ఇల్లు ఉంది, భూమి లేని ఇళ్లయితే చాలానే ఉన్నాయి. కోడి మాత్రం అందరికీ ఉంది. హాలియా నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో రోడ్డు దిగి కొంత లోపలికి నడిస్తే మా తాండ వస్తుంది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద ఉన్న ఊళ్లలో వరి పండింది. కాలువకు ఎగువన మిగిలిన మాలాంటి తాండల్లో పత్తి, కంది, వాన కరుణిస్తే జొన్న. పంట చేతికొచ్చేదాకా ఇంట్లో ఉప్పుకు, పప్పుకు, బస్సు చార్జీకి డబ్బు ఎక్కడిది? కోడి దగ్గరిదే.

మేము ఇద్దరం, అక్కాతమ్ముళ్లం, కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. మా గోర్ బోలిలో కోడిపెట్టను కూకడి అంటాం, పుంజును కూకడో అంటాం. మా భాషకు సొంత లిపి లేదు కాబట్టి ఆ మాటలను తెలుగు అక్షరాల్లోనే పెడుతున్నాం. ఆవును అమ్మితే బేరం బాపు చేస్తాడు, ఆ డబ్బు అప్పిచ్చినవాళ్లకు పోతుంది. కోడిని అమ్మితే బేరం యాడిది, డబ్బు యాడి కొంగున ఉంటుంది. మేము గురుకులానికి వెళ్లేటప్పుడు రేకు పెట్టెలో పెట్టుకున్న సబ్బులు, నోటు పుస్తకాలు ఆ కొంగు ముడి నుంచి వచ్చినవే. తాండలో ఆడవాళ్ల చేతిలో ఉండే బ్యాంకు ఏదైనా ఉందంటే అది కోళ్ల గూడే.

ఆ బ్యాంకు పెద్దదేమీ కాదు. నాటు కోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. అదీ మూడు నాలుగు విడతల్లో. పొదిగితే 21 రోజులకు పిల్లలు లేస్తాయి. పన్నెండు పిల్లలు లేస్తే గద్దకు, పిల్లికి, ముంగిసకు, కుక్కకు పోగా ఐదారు నిలిస్తే గొప్ప. అందుకే పిల్లలను బాగా కాపాడే పెట్టకు తాండలో పేరుంటుంది. మా ఇంట్లో అలాంటిది బూరి. నల్లదైతే కాళి, తెల్లదైతే ధోళి అన్నట్టు, గోధుమ రంగులో ఉంది కాబట్టి దానికి బూరి అని దాది పేరు పెట్టింది. నాలుగు విడతలు పొదిగింది. గద్ద నీడ నేల మీద పడితే చాలు, ఒక్క అరుపుతో పిల్లలన్నింటినీ జొన్న చొప్ప కిందికి తోలేది. పొద్దున దాది రొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్కకు వచ్చి, రాలిన పిండి తిని, అక్కడే నిలబడి కునుకు తీసేది. పండుగ వచ్చినా చుట్టాలు వచ్చినా దాన్ని కోద్దామని ఎవరూ అనలేదు.

ఒక ఏడాది శివరాత్రికి ముందు తాండ చివరి ఇళ్లలో కోళ్లు తూగడం మొదలైంది. కోడి రెక్కలు జార్చుకొని కళ్లు మూసుకొని నిలబడుతుంది. మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తుంది. పీల్చినప్పుడల్లా గొంతులో గుర్రుమని చప్పుడు. రెట్ట ఆకుపచ్చగా, నీళ్లలా పడుతుంది. రెండో రోజో మూడో రోజో చస్తుంది. పెద్దవాళ్లు చూడగానే చెప్పారు, కొక్కెర తెగులని. వారం తిరిగేలోపు మా గూటికి కూడా వచ్చింది. మావి మొత్తం పదకొండు కోళ్లు. నాలుగు రోజుల్లో ఆరు పోయాయి. ఐదో రోజు పొద్దున బూరి పొయ్యి దగ్గరకు రాలేదు. వెతికితే గూటి మూలన ముక్కు నేలకు ఆనించి కూర్చొని ఉంది.

తాండలో జబ్బు కోడికి రెండు దారులే ఉంటాయి. చావకముందే కోసి వండడం ఒకటి, అమ్మేయడం ఇంకోటి. బైకుకు రెండు వైపులా జాలీ గంపలు కట్టుకొని తిరిగే బేరగాడు అప్పటికే మా వాకిట్లో ఉన్నాడు. తెగులు సంగతి వాళ్లకు మనకంటే ముందే తెలుస్తుంది.

"అక్కా, ఎట్లాగూ సచ్చేదే. నూట యాభై ఇస్త, ఇయ్యి" అన్నాడు.

"సచ్చేదాన్ని కొని నువ్వు ఎవరికి పెడ్తవు?" అని యాడి అడిగింది.

అతను నవ్వి పక్కింటికి పోయాడు. అక్కడ మూడు కోళ్లు కొన్నాడు. ఆ మూడు కోళ్లు అదే గంపలో ఇంకో తాండకు పోయాయి. వాటితోపాటు తెగులు కూడా పోయింది.

బాపుకు కోపం వచ్చింది. నూట యాభై రూపాయలు ఆయనకు చిన్న డబ్బు కాదు. దవాఖానకు పోతామంటే, "మనుషుల దవాఖానకే పైసల్లేవు, కోడికి దవాఖాననా?" అన్నాడు. ఆ మాట తప్పని మేము అనలేం. ఆ నెల దాదికి బీపీ గోళీలు కొనడమే కష్టంగా ఉంది. అప్పుడు దాది గోర్ బోలిలో ఒక మాట అంది. తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: పిల్లలను నాలుగు సార్లు రెక్కల కింద దాచుకున్నదాన్ని మనం ఒక్కసారి గంప కింద దాచుకోలేమా? బాపు ఇంకేమీ అనలేదు. సాయంత్రం తానే వెళ్లి వేపమండలు కొట్టుకొచ్చాడు.

పసుల దవాఖానలో సారు మేము చెప్పింది విన్నాడు, సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో చూశాడు. లక్షణాలను బట్టి కొక్కెరే అన్నాడు. ఖాయంగా తేలాలంటే ల్యాబులో చూడాలని కూడా చెప్పాడు. "ఇది వైరస్. పట్టుకున్నాక చంపే మందు లేదు. బతికితే దాని ఒంటి బలంతో బతకాలి, మీరు ఆ బలం పోకుండా చూడాలి" అన్నాడు. మరి మిగిలిన కోళ్లకు టీకా వేయమని అడిగాం. ఆయన ఫ్రిజ్ తెరిచి చిన్న సీసా ఒకటి చూపించాడు. ఒక సీసాలో వంద, రెండు వందల కోళ్లకు సరిపడా టీకా ఉంటుంది. ద్రావణం కలిపాక గంట రెండు గంటల్లో వేసేయాలి. నాలుగు కోళ్ల కోసం తెరిస్తే మిగతాదంతా పారబోయాల్సిందే. పైగా తెగులు ఇప్పటికే ఇంట్లో ఉంది, టీకా పని చేయడానికి వారమైనా పడుతుంది. "తెగులు సద్దుమణిగాక మీ తాండంతా కలిసి ఒక రోజు చెప్పండి, నేనే వస్తా" అన్నాడు. ఆ సీసా మాట మా మనసులో ఉండిపోయింది. దాని గురించి తర్వాత చెప్తాం.

ఇంటికొచ్చి బూరిని పశువుల కొట్టంలో ఒక మూలకు మార్చాం. కింద బూడిద, దాని మీద గడ్డి, పైన పాత వెదురు గంప, గంప మీద గోనె సంచి. గాలి ఆడాలి, ఎదురుగాలి తగలకూడదు. గడ్డి రోజూ మార్చి పాతది కాల్చేశాం. పగలు ఎండ ఉన్నా తెల్లవారుజామున చలి కొరికేది. మామూలు కోడి ఒళ్లు 41 డిగ్రీల వేడి మీద ఉంటుంది, మనిషి కంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ. తిండి తినని కోడి ఆ వేడిని నిలుపుకోలేదు. మూరెడు ఎత్తున 60 వాట్ల బల్బు వేలాడదీశాం. కరెంటు పోయినప్పుడు సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి దాని పక్కన పెట్టాం.

అన్నింటికంటే కష్టమైన పని నీళ్లు తాగించడం. కోడి ముక్కు తెరిచి లోపలికి నీళ్లు పోయడం తాండలో అందరూ చేసే పని. కానీ కోడి నాలుక వెనకాలే గాలి గొట్టం నోరు ఉంటుంది. పోసిన నీళ్లు అందులోకి దిగితే కోడి తెగులుతో కాదు, నీళ్లతో చస్తుంది. సారు సూది తీసేసిన సిరంజీ ఇచ్చాడు. ముక్కు పక్క అంచున ఒక్కో చుక్క వేయాలి, అది మింగేదాకా ఆగాలి, తర్వాత ఇంకో చుక్క. పిల్లలకు విరేచనాలైతే ఇచ్చే ఉప్పు, చక్కెర నీళ్లే ఇచ్చాం. ఒక చెంచా నీళ్లు తాగించడానికి పావు గంట పట్టేది. గంట గంటకూ వంతులు వేసుకున్నాం. రాత్రి వంతు దాదిదే, ఆమెకు ఎలాగూ నిద్ర తక్కువ.

తిండికి జొన్న పిండిని పలచగా జావ కాచాం. అది నిలిచాక ఉడికిన గుడ్డులో పచ్చసొన చిదిమి కొంచెం కొంచెం పెట్టాం. పెట్టే ముందు మెడ కింద తిత్తిని వేళ్లతో తడిమి చూడాలి. నిన్నటి తిండి అక్కడే గట్టిగా ఉంటే కొత్తది పెట్టకూడదు. తోక కింద ఈకలకు రెట్ట అంటుకుంటే ఈగలు వాలి పురుగు పడుతుంది. గోరువెచ్చటి వేపాకు నీళ్లతో తుడిచి, ఆరబెట్టి మళ్లీ గంప కింద పెట్టేవాళ్లం. బూరిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగకుండా ఇంకే పనీ చేయలేదు. కొట్టంలోకి వేరే చెప్పులు. చిన్న పిల్లలను అటు రానివ్వలేదు, ఈ తెగులు మనుషుల కళ్లకు అంటుకొని ఎర్రబడేలా చేయగలదు. అక్క ఒక నోటు పుస్తకంలో రోజూ రాసింది: ఎన్ని చెంచాల నీళ్లు, రెట్ట ఏ రంగు, నిలబడిందా లేదా. మూడో రోజు రెట్ట ఇంకా పచ్చగానే ఉంది. ఐదో రోజు గుర్రు తగ్గింది. ఆరో రోజు మెడ తిరిగిపోయింది.

ఆ రోజు అందరం ఏడ్చాం. మెడ మెలిపడి, ముక్కు ఆకాశం వైపు లేచి, నడవబోతే గుండ్రంగా తిరిగి పడిపోయేది. తెగులు మెదడును, నరాలను తాకితే ఇలా అవుతుంది. మా ఇంట్లోనే ఇంకో కోడికి ఇలాగే అయి, చుక్క నీరు మింగలేక కొట్టుకుంటుంటే బాపు దానికి ఒక్క వేటుతో విముక్తి ఇచ్చాడు. దాన్ని వండలేదు. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాం. అది కూడా సేవే అని మేము అనుకుంటాం. కానీ బూరి మింగుతోంది. మింగినంత కాలం చూద్దామని యాడి అంది.

తొమ్మిదో రోజు అది తనంతట తాను నిలబడింది. గింజలు వేస్తే పొడిచేది, కానీ ముక్కు గింజకు రెండు వేళ్లు అవతల పడేది. ఆకలితో నేలనే పొడిచేది. తమ్ముడు లోతు గిన్నె నిండా జొన్నలు పోసి పెట్టాడు. అందులో ముక్కు ఎక్కడ పడినా గింజ దొరుకుతుంది. అలా తిన్నది. జబ్బు తగ్గిన కోడి నుంచి కూడా కొన్నాళ్లు తెగులు అంటుతుంది కాబట్టి నెల రోజులు వేరుగానే ఉంచాం. పదకొండింటిలో మిగిలినవి రెండు, బూరి, ఇంకో పుంజు. బూరి మెడ పూర్తిగా సరికాలేదు. అయినా ఎండాకాలం చివర్లో మళ్లీ గుడ్డు పెట్టింది. ఆ గుడ్డును దాది అరచేతిలో పెట్టుకొని ఇల్లిల్లూ తిప్పి చూపించింది.

ఇక్కడితో ఆపితే ఇది ఒక కోడి కథ అవుతుంది. మేము చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. మా సేవ బూరికి తోడైంది, నిజమే. ఇంత చేసినా ఈ తెగులు సోకిన పది కోళ్లలో ఒకటో రెండో నిలుస్తాయేమో. తొమ్మిది రోజులు నలుగురు మనుషులు వంతులు వేసుకొని ఒక ప్రాణాన్ని పట్టుకున్నారు. ఒక చుక్క టీకా పడి ఉంటే తొమ్మిది ప్రాణాలు పోయేవి కావు.

ఈ తెగులు ఈనాటిది కాదు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర, ఇండోనేసియాలోని జావా దీవిలో దీన్ని గుర్తించారు. కొద్ది కాలానికే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనపడింది. అందుకే పుస్తకాల్లో దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. ఆ కొండల్లోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధనా కేంద్రం పేరుతో 1940ల్లో టీకా తయారైంది. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు ఇప్పటికీ ఆ రకం టీకానే రెక్క దగ్గర సూదితో వేస్తున్నారు. వారం వయసు పిల్లలకు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేసే లసోటా టీకా ఉంది. అంటే టీకా పుట్టి ఎనభై ఏళ్లు. కాలువ నీళ్ల లాగానే అది కూడా మా తాండ పక్క నుంచే పోయింది.

కారణం దూరం ఒక్కటే కాదు, సీసా కూడా. పెద్ద ఫారాల్లో వేల కోళ్లు ఒకే కప్పు కింద ఉంటాయి. సీసా తెరిస్తే గంటలో అయిపోతుంది. మన దగ్గర ఇంటికి ఐదు, పది కోళ్లు, అవీ చెట్ల మీద, చేలల్లో. ఎండలో టీకా పాడైపోతుంది. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా పల్లెలకు కూడా ఇదే కష్టం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం ఎండ వేడిని కొంత తట్టుకునే ఐ-2 అనే టీకాను తయారు చేస్తే, అక్కడి పల్లె ఆడవాళ్లే నేర్చుకొని ఇంటింటికీ వెళ్లి కోళ్ల కంట్లో చుక్క వేశారు. వాళ్లూ మనలాంటి వాళ్లే. వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా?

మా తాండలో మేము చేసింది చిన్న పనే. తెగులు సద్దుమణిగాక బడి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి కోళ్ల లెక్క రాశారు. మొత్తం నూట నలభై రెండు తేలాయి. లెక్కల పాఠం అక్కడే అయిపోయిందని టీచర్ నవ్వారు. ముందు రోజు రాత్రి అందరూ కోళ్లను గంపల కింద కమ్మారు. సారు తెల్లవారకముందే ఐసు డబ్బాతో వచ్చాడు. పొద్దెక్కేలోపు సీసా ఖాళీ అయింది. తూగుతున్న కోళ్లకు వేయలేదు, బాగున్నవాటికే వేశారు. ఆ రోజు నుంచి కొత్త కోడిని కొనుక్కొస్తే రెండు వారాలు వేరుగా కట్టేసి చూశాకే గూట్లోకి వదులుతున్నాం.

ఇంకో రెండు మాటలు. కోళ్లు తూగగానే మందుల షాపులో రంగు పొడి కొని నీళ్లలో కలపడం అలవాటైపోయింది. అది యాంటీబయాటిక్. వైరస్‌ను అది ఏమీ చేయదు. డబ్బు పోతుంది, ఆ మందు రేపు నిజంగా అవసరమైన రోజు పని చేయకుండా పోతుంది. పసుపు, వెల్లుల్లి పెట్టడం మేమూ చేశాం, దాది తృప్తి కోసం. అవి టీకాకు బదులు కావు. రెండోది, కోళ్లు ఒక్కసారిగా గుంపులుగా చస్తే దాన్ని కొక్కెరే అని మనమే తేల్చేయకూడదు. 2006లో మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడింది మహారాష్ట్రలోని నవాపూర్‌లో. అది ఆదివాసులు ఎక్కువగా ఉండే నందుర్బార్ జిల్లా. 2025లో గోదావరి జిల్లాల్లోనూ వచ్చింది. అది తేలితే చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నింటినీ చంపేస్తారు, పెంపుడు కోడి అని వదలరు. మనుషుల ప్రాణానికి కూడా ప్రమాదం. కాబట్టి గుంపుగా చస్తే ముట్టుకోవద్దు, కోయవద్దు, వాగులో పారేయవద్దు. ముందు పసుల దవాఖానకు చెప్పాలి. పశువైద్యం కోసం 2017లో మన రాష్ట్రంలో 1962 నంబరు కూడా పెట్టారు.

గిరిజన పథకాల్లో వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ కోడిపిల్లలు ఇస్తుంటారు. రాజేంద్రనగర్‌లో తయారైన మంచి జాతులు, మన పెట్టల కంటే రెట్టింపుకు పైగా గుడ్లు పెడతాయి. పిల్లలు ఇచ్చేటప్పుడే టీకా తేదీలు కూడా అడిగి రాసుకోవాలి. టీకా లేకుండా వచ్చిన కోడి పదిహేను రోజుల చుట్టమే.

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, టీచర్లూ, మీతో మా మాట ఇది. ఆషాఢంలో మంగళవారం నాడు మనం సీత్లా భవానీకి దాటుడు పండుగ చేస్తాం. తాండలోని ఆవులు, మేకలు అన్నీ ఒకే చోటికి వస్తాయి. ఏ ఒక్క ఇంటి పశువునూ విడిచిపెట్టం, ఎందుకంటే ఒక ఇంట్లో రోగం ఉంటే అది తాండంతటిదీ అని మన పెద్దవాళ్లకు తెలుసు. టీకా సీసా చెప్పేదీ అదే మాట. అది ఒక్క ఇంటికి తెరుచుకోదు, తాండంతా కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. 2018 చట్టంతో మన తాండలు ఎన్నో సొంత పంచాయతీలయ్యాయి. పంచాయతీ తీర్మానం చేసి టీకా అడగడానికి ఇప్పుడు ఎవరి గుమ్మం దగ్గరా నిలబడనక్కరలేదు. పండుగకు ముందు వారంలో ఒక తెల్లవారుజామును కోళ్ల కోసం పెట్టుకుందాం. బడి పిల్లలు లెక్క రాస్తారు, ఆడవాళ్లు గంపలు కమ్ముతారు, చుక్క వేయడం మన పిల్లల్లో ఇద్దరు నేర్చుకుంటారు. మా తాండలో ఈసారి లెక్క రాసే పుస్తకం తీసి పెట్టాం. మీ తాండలో ఎన్ని కోళ్లున్నాయో రేపే లెక్కపెట్టండి.